ఎ నుంచి బికి గంటా ఇరవై

హైదరాబాదు నుంచి పుణేకి గాలిదారిన ఐదువందల ఐదు కిలోమీటర్లు, గంటా ఇరవై నిమిషాలు అని ఫోన్ చెబుతోంది, చెప్పమని నేను అడగలేదు, టికెట్టు చూద్దామని నొక్కితే పక్కనే ఒక నీలం గీత గీసి, గీత మీద బొద్దింకంత విమానం పెట్టి మరీ చూపిస్తోంది, ఇక్కడేమో అమీర్‌పేటలో కారెక్కి నలభై నిమిషాలైంది, పంజాగుట్ట చౌరస్తా ఇంకా దాటలేదు. రెండు కిలోమీటర్లు. ఇరవై రెండేళ్ళుగా మైత్రీవనంలో బ్యాంకు పరీక్షల పిల్లలకు కాలము-దూరము చెబుతున్నవాణ్ణి, నలభై నిమిషాలకు రెండు కిలోమీటర్లంటే గంటకు మూడు అని బుర్ర నన్నడక్కుండానే లెక్క కట్టేస్తుంది. గంటకు మూడు! మోకాళ్ళ నొప్పులతో మా ఆవిడ జానకి కూరగాయలకు వెళ్ళినా ఇంతకంటే త్వరగా వెళ్తుంది. నెత్తి మీద మెట్రో వెళ్ళిపోయింది, అందులోవాళ్ళంతా ఫోన్లు చూసుకుంటున్నారు, ఒక్కడైనా కిందికి చూస్తాడా, చూడడు. పక్కన స్కూటరువాడు నా కిటికీ అద్దంలో తల దువ్వుకుంటున్నాడు. దువ్వుకో నాయనా, నీకేం పోయింది, నీ తమ్ముడి గుండె కాదుగా మధ్యాహ్నం మూడింటికి ఆపేది.

అవును, ఆపుతారట. గుండెను ఆపి, అందులో పాడైన కవాటం తీసి కొత్తది పెట్టి, మళ్ళీ నడిపిస్తారట, నాలుగు గంటల పని. నిన్న మా మరదలు మంజూష ఫోన్ చేసి చెప్పింది. రమ్మని మా తమ్ముడు ప్రమోద్ అనలేదు, వాడు అంటాడా, మంజూషే అంది, "బావగారూ, మీరొకసారి వస్తే బాగుంటుంది" అని. పదకొండేళ్ళుగా మాట్లాడని మనిషిని పట్టుకుని బాగుంటుంది అంటే ఏం బాగుంటుంది? వస్తాను కానీ వాణ్ణి తిట్టడానికే వస్తానని చెప్పమ్మా అన్నాను. సరే బావగారూ, అలాగే చెబుతాను, రండి అంది. ఆ పిల్లకు బుద్ధి లేదా, ఉందా? ఎవరైనా ఆపరేషను ముందు పలకరించడానికి వెళ్తారు, పళ్ళు పట్టుకెళ్తారు. నేను నాలుగు వాక్యాలు పట్టుకెళ్తున్నాను. పదకొండేళ్ళు చెక్కిచెక్కి నాలుగు మిగిల్చాను. వాడు కళ్ళు మూసుకునేలోపల అవి వాడి చెవిలో పడాలి. పడకుండా వాడు పోతే? అప్పుడు ఆ నాలుగూ నేనేం చేసుకోను, ఎవరికి చెప్పుకోను, జానకికి చెబితే "పోనిద్దురూ" అంటుంది. పోనివ్వను. బతికున్న మనిషి మొహం మీద చెప్పాల్సిన మాట పోయినవాడి ఫోటో ముందు చెప్పే రకం కాదు నేను.

జానకి సంగతి తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది. ఈ అవస్థంతా ఆవిడ చలవే. శుక్రవారం పడమరకు వారశూలట, అటు ప్రయాణం చెయ్యకూడదట, పుణే పడమరట, వెళ్ళక తప్పదంటే ప్రస్థానం పెట్టాలట. అంటే ప్రయాణం రేపైనా మంచి ఘడియ ఉన్న ఇవాళే సామాను మన గుమ్మం దాటించి పక్కవాళ్ళింట్లో పెట్టడం. పెట్టేస్తే బయల్దేరినట్టే లెక్కట, రేపు వెళ్ళేటప్పుడు ఆ ఇంటినుంచే తీసుకుని అటునుంచి అటే పోవాలి, మళ్ళీ మన గడప తొక్కనివ్వకూడదు. నిన్న సాయంత్రం నేను క్లాసులో ఉండగా రెండు జతల బట్టలు బ్యాగులో సర్ది, ఉత్త బట్టలు పెడితే ఫలితం ఉండదు, ప్రయాణానికి ముఖ్యమైనది పెట్టాలని నా పర్సు తెరిచి, ఆధారూ పాన్ కార్డూ ఉన్న ప్లాస్టిక్ కవరు తీసి అందులో పెట్టి, తీసుకెళ్ళి కింది ఫ్లాటు ఇక్బాల్ బేగం చేతికిచ్చింది. ఆవిడా తక్కువది కాదు, పదేళ్ళుగా మా ఆవిడ ప్రస్థానాలు దాచిపెట్టి మంచీచెడ్డా మా వాళ్ళకంటే ఎక్కువ నేర్చుకుంది. "ఫికర్ చెయ్యకు జానకీ, నా దగ్గర ఉంటది బ్యాగు, మీ సార్ పొయ్యేటప్పుడే ఇస్తా, అంతకుముందు అడిగినా ఇయ్య" అందట. ఇవ్వలేదు. పొద్దున ఎనిమిదిన్నరకు దిగి చూస్తే తలుపుకు తాళం. మాసబ్ ట్యాంక్‌లో ఏదో ఆఫీసులో సంతకం పెట్టాలని ఏడింటికే వెళ్ళిందట, ఎదురింటివాళ్ళు చెప్పారు. ఫోన్ చేస్తే లోపల మోగుతోంది. తాళం వేసిన తలుపు అవతల, నా బ్యాగు పక్కనే, ఖవ్వాలీ పాట రింగుటోనుతో మోగుతోంది, ఇవతల నేను మెట్ల మీద కూర్చుని వింటున్నాను, అరగంట విన్నాను. తాళం పగలగొడతానన్నాను. "పరాయివాళ్ళిల్లండీ, పైగా ప్రస్థానం బ్యాగు, తాళం పగలగొట్టి తీసుకుంటే ఇంకేమైనా ఉందా" అని జానకి చెయ్యి పట్టుకుంది. గుర్తింపు కార్డు లేకపోతే విమానాశ్రయం గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకున్నవాడు లోపలికి వదలడు తల్లీ, పదకొండూ యాభైకి విమానం, శూలేం శూల, నీ కవరే నాకు శూల అని అరిచి, ఖాళీ చేతులతో కారెక్కాను. ఆవిడ ఇప్పటికీ ఆ తలుపు ముందే నిలబడి ఉంటుంది, అది నాకు తెలుసు, ఆ నిలబడటం నాకు గుచ్చుకుంటోంది, అందుకు ఇంకా కోపం.

"ఏం జేస్తమన్న, ముంగట బస్సు ఆగిపోయింది," అంటున్నాడు హనుమాండ్లు. బోరబండ మనిషి, ఈ కారు తోలేవాడు, ఎక్కినప్పట్నుంచీ నా గొణుగుడంతా వింటున్నాడు, నేను పైకే గొణుగుతున్నానని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. "కార్డు లేదని పరేశాన్ గాకన్న. ఫోన్ల ఆధార్ చూపిస్తే సుత లోపల్కి ఇడుస్తరు. నిన్ననే ఒక మేడం గట్లనే పోయింది. సర్కారుది యాప్ ఉంటది, ఏసుకో, నంబర్ కొట్టు, ఓటీపీ వస్తది, అంతే."

అంతే అట. ఓటీపీ వస్తది అట. నాక్కాదయ్యా వచ్చేది.

పదమూడేళ్ళ కిందట ఆధార్ తీయించుకున్న రోజున ప్రమోదూ నేనూ ఒకే వరుసలో ముందూ వెనకా నిలబడ్డాం. మైత్రీవనంలో మా ఇద్దరికీ కలిపి ఒకే సంస్థ, ఒకే బోర్డు, ఒకే ఫోన్ నంబరు. నేను అంకగణితం, వాడు రీజనింగు. నంబరెంత అని అడిగితే ఇద్దరం అదే చెప్పాం, వేరే నంబరు ఉంటుందన్న ఆలోచనే రాలేదు, ఒకే ఇంటివాళ్ళకు రెండు తలుపులెందుకు? ఆ సిమ్ వాడి పేరు మీద ఉంది. వాడు పుణే వెళ్ళిపోతూ సిమ్ కూడా పట్టుకుపోయాడు. నా వేలిముద్రలు, నా కనుపాపలు, ఢిల్లీలో ఎక్కడో దాచిన నేను, ఆ నేను నేనేనని రుజువు చేసే ఆరంకెలు మాత్రం వాడి జేబులోకి వెళ్తాయి. గ్యాసువాళ్ళడిగారు, బ్యాంకువాళ్ళడిగారు. నంబరు కొట్టి, పంపు అని నొక్కాక గుర్తొచ్చేది, ఎక్కడికి పోయిందో. అప్పుడు ఫోన్ మూసేసి, కార్డు పట్టుకుని, వెళ్ళి వరుసలో నిలబడేవాణ్ణి. రెండు గంటలు నిలబడ్డాను, ఒకసారి మూడు. వాణ్ణి అడగడం కంటే అదే హాయి.

"మరి నంబర్ మార్పిచ్చుకోవచ్చు గదన్న? గీ మైత్రీవనం కాడనే, గంటల అయిపోతది," అన్నాడు హనుమాండ్లు, నేను చెప్పిందంతా విని.

"నీ పని నువ్వు చూసుకో, రోడ్డు చూసి నడుపు," అన్నాను. కారు నడవడం లేదు, చూడటానికి రోడ్డు లేదు, బస్సు వెనకభాగం తప్ప. అతను నొచ్చుకోలేదు, అద్దంలో నన్నొకసారి చూశాడు. ఎందుకు మార్చుకోలేదు? తీరిక లేదు. పదకొండేళ్ళుగా తీరిక లేదు, ఏం, ఉండకూడదా? క్లాసుకూ క్లాసుకూ మధ్య మెట్లు దిగితే ఆ ఆఫీసు బోర్డు కనిపిస్తుంది, రోజూ కనిపిస్తుంది, దాని పక్కనే టీ తాగుతాను. ఇప్పుడు ఇదంతా ఎందుకు, ఈయనెవరు నన్నడగడానికి.

ఆ బస్సు వెనక కూడా కోచింగు సెంటరు ప్రకటనే, ర్యాంకులు వచ్చిన పిల్లల మొహాలు, నడుమ చేతులు కట్టుకున్న ఒక గురువుగారు. చేతులు కట్టుకుని నవ్వే గురువులంటే నాకు అసహ్యం. పదకొండేళ్ళ కిందట నాకు చెప్పకుండా వాడు అచ్చేసిన పుస్తకం అట్ట మీద కూడా అలాగే, చేతులు కట్టుకుని, నా తమ్ముడు. లోపల నావే లెక్కలు. పదేళ్ళు రాత్రీ పగలూ నల్లబల్ల మీద రాసి, పిల్లల తప్పులు చూసి దిద్ది, నోటు పుస్తకంలో చేత్తో రాసుకున్న నాలుగువందల లెక్కలు, వాటి సులువులు. నా పేరు లేదు. అదీ నాకు పట్టదు, నిజంగా పట్టదు, పేరు ఎవరికి కావాలి, అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద జిరాక్సు తీసి పేర్చిన పుస్తకాల మీద ఎవరి పేరైతే ఏం, వాన వస్తే అన్నీ తడుస్తాయి. నా మంటంతా కాలము-దూరములో మొదటి లెక్క దగ్గర. నేను రాసింది ఇలా: అమీర్‌పేట నుంచి అన్న గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున, పంజాగుట్ట నుంచి తమ్ముడు గంటకు ఆరు కిలోమీటర్ల చొప్పున ఒకే సమయానికి ఎదురెదురుగా బయల్దేరారు, మధ్య దూరం రెండు కిలోమీటర్లు, ఎన్ని నిమిషాలకు కలుసుకుంటారు? అచ్చులో ఎలా ఉంది? ఎ అను వ్యక్తి. బి అను వ్యక్తి. అన్నను ఎ చేశాడు. వాడు బి అయ్యాడు. అమీర్‌పేట పి అయింది, పంజాగుట్ట క్యూ అయింది. జవాబు మాత్రం పన్నెండు నిమిషాలే. అన్న అనే మాట మీద గీత కొట్టడానికి నీకు చెయ్యెలా వచ్చిందిరా? ఇదీ నా నాలుగో వాక్యం. దీనికోసమే మిగతా మూడూ.

ఎందుకంటే అది లెక్క కాదు. అప్పుడు మెట్రో లేదు, ఈ స్తంభాలు లేవు. నేను అమీర్‌పేటలో ఒక గదిలో వంట చేసి క్యారియరు కట్టుకుని నడిచేవాణ్ణి, వాడు పంజాగుట్టలో ట్యూషను చెప్పి ఆకలితో నడిచేవాడు, ఆకలి కదా, నాకంటే ఎప్పుడూ వేగం వాడిదే. మధ్యలో ఒక టైలరు కొట్టు అరుగుండేది, ఇద్దరం అక్కడ కలిసి ఒకే క్యారియరు తినేవాళ్ళం. పప్పు గిన్నె వాడిది, చారు గిన్నె నాది, పెరుగన్నం దగ్గర దెబ్బలాట. ఎన్ని నిమిషాలు పట్టిందో వాడు గడియారం చూసి చెప్పేవాడు, పదమూడైతే "ఇవాళ కూర మాడ్చావా అన్నయ్యా, నడక తగ్గింది" అనేవాడు. వెధవ. ఆ అరుగు ఎక్కడుందో వెతుకుతున్నాను కిటికీలోంచి, అక్కడ ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టుంది, కాదు, దాని పక్కది, కాదు. ఏదీ కాదు. చౌరస్తా అవతల నిమ్స్ ఉంది, అంత పెద్ద ఆసుపత్రి. గుండె పాడైతే ఇక్కడికి రాకూడదూ, రెండు కిలోమీటర్లు నడిచొచ్చి తిట్టేవాణ్ణి. ఐదువందల కిలోమీటర్ల అవతల పడుకోవాలా?

తొమ్మిదీ యాభై. బస్సు కదిలింది, ఒక కారు పొడవు కదిలి మళ్ళీ ఆగింది. ఇక్కణ్ణుంచి శంషాబాదు విమానాశ్రయానికి గంట, తక్కువలో తక్కువ. వెనక్కి తిరిగితే విమానం పోతుంది, ముందుకెళ్తే గుమ్మం దగ్గర ఆపేస్తారు. జానకి ఫోన్ చేసింది. "బేగం గారు ఇంకా రాలేదండీ. నామీద కోపం ఉంచుకోండి కానీ మరిదిగారి మీద పెట్టుకెళ్ళకండి," అంది. నా ఇష్టం అని పెట్టేశాను. హనుమాండ్లు చెప్పిన యాప్ ఎప్పుడు వేసుకున్నానో నాకే తెలీదు, ఫోన్‌లో ఉంది. ఆధార్ అంకెలు కంఠతా వచ్చు, పన్నెండూ కొట్టాను. పంపు అని నొక్కాను. వేలు దానంతటదే నొక్కింది, నేను కాదు. మీ నమోదిత నంబరుకు పంపాం, పది నిమిషాలు చెల్లుతుంది అని వచ్చింది, పక్కన గడియారం వెనక్కి తిరుగుతోంది.

వెళ్ళిపోయింది. నా కారు పంజాగుట్ట దాటలేకపోతోంది, నా ఆరంకెలు ఐదువందల ఐదు కిలోమీటర్లు దాటి వాడి తలగడ పక్కన పడ్డాయి, గంటా ఇరవై కూడా పట్టలేదు. ఇప్పుడు ఫోన్ చెయ్యాలి. చేసి ఏమనాలి? తిట్టడానికి వస్తున్నాను, రావడానికి నీ దగ్గరున్న అంకెలు చెప్పు అనాలా? తిట్టేవాడు ముందు అడుక్కుంటాడా? మంజూషకు చెయ్యొచ్చు, ఆ అమ్మాయి ఎత్తుతుంది, అడిగితే చెబుతుంది, కానీ ఆ నంబరు వాడి చేతిలోనిది, వాణ్ణడిగే చెబుతుంది, అదీ అడుక్కోవడమే. ఫోన్ గడియారంలో ఇంకా తొమ్మిది నిమిషాలు. ఎనిమిదీ నలభై. నాకేం అక్కర్లేదు, దిగి మెట్రో ఎక్కి ఇంటికి పోతాను, రెండు కిలోమీటర్లు నడిచైనా పోతాను, వాడి గుండె వాడిది, ఆపుకుంటాడో నడుపుకుంటాడో, మళ్ళీ నడవకపోతే, నడవకపోతే నేనేం చెయ్యను, నేనేమైనా డాక్టర్నా. ఏడూ యాభై. చేతులు చెమట పట్టాయి, ఏసీ వెయ్యవేమయ్యా అన్నాను, ఉందన్న, ఫుల్లు మీదనే ఉంది అన్నాడు.

ఫోన్ మోగింది. ఆ పాత నంబరే. "ఎత్తొద్దు" అని పేరు పెట్టుకుని దాచుకున్నాను దాన్ని, పదకొండేళ్ళలో ఒక్కసారీ మోగలేదు, ఎత్తకుండా ఉండే అవకాశం కూడా వాడు నాకివ్వలేదు. ఎత్తాను.

"అన్నయ్యా, రాసుకో," అన్నాడు ప్రమోద్. ఎలా ఉన్నావనలేదు, నేనూ అనలేదు. పరీక్షల జవాబుల పట్టీ చదివేటప్పుడు రెండేసి అంకెలు కలిపి చదవడం వాడికి అలవాటు. "నలభై ఏడు. సున్నా మూడు. తొంభై ఒకటి."

గొంతు సన్నగా ఉంది, మధ్యలో రెండుచోట్ల ఊపిరి తీసుకున్నాడు. రాసుకోవడానికి కాగితం లేదు, అరచేతి మీద వేలితో రాసుకున్నాను.

"నాదని ఎలా తెలిసింది?" అన్నాను.

"ఆధార్ చివరి నాలుగంకెలు మెసేజీలో ఉంటాయిగా. నీ అంకెలు నాకు కంఠతా రావా ఏంటి? ఇది ఏడోది. గ్యాసుదొకటి, బ్యాంకువి... వచ్చిన ప్రతిసారీ నువ్వు ఫోన్ చేస్తావని పది నిమిషాలూ చేత్తో పట్టుకుని కూర్చునేవాణ్ణి. చేసేవాడివి కాదు. ఇవాళ కూర్చునే టైము లేదన్నయ్యా."

"ఏం?"

"ముందుకు జరిపారు. మూడింటికి కాదు, పన్నెండున్నరకే తీసుకెళ్తారు. నువ్వెన్నింటికి దిగుతావ్?"

ఒకటీ పది. చెప్పలేదు. లెక్క చెయ్యక్కర్లేదు, ఇద్దరికీ వచ్చు, అందులో ఒకడు చేరేసరికి రెండోవాడు ఆగిపోయి ఉంటాడు, కలుసుకునే చోటు లేదు.

"తిట్టడానికి వస్తున్నావని మంజూష చెప్పింది," అన్నాడు. "ఉన్నదేదో ఇప్పుడే తిట్టెయ్. తర్వాత మళ్ళీ నీకు బాకీ ఉండిపోతుంది."

నాలుగు వాక్యాలూ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ మర్చిపోలేదు, వరుస కూడా తప్పలేదు. ఇంతకంటే మంచి సమయం దొరకదు, వాడు వింటున్నాడు, వినడానికే ఫోన్ చేశాడు. పదకొండేళ్ళు దీనికోసమే ఉన్నాను. అవతల ఎవరో మరాఠీలో ఏదో అంటున్నారు, బండి చక్రాల చప్పుడు, వాడి ఊపిరి.

"ఒరేయ్ దొంగా," అన్నాను. అక్కడ ఆగాను.

"ఊఁ. చెప్పు."

"అంతే. ఇప్పటికి అది నీ దగ్గర పెట్టుకో. మిగతాది నేనొచ్చాక. నువ్వు బయటికి రావాలి, లేచి కూర్చోవాలి, అప్పుడు మొహం మీద చెబుతా. ఇప్పుడు చెప్పను, కాళ్ళు పట్టుకున్నా చెప్పను."

"ప్రస్థానం పెడుతున్నావా?" అన్నాడు. "నీకు అలాంటివాటి మీద నమ్మకం లేదుగా అన్నయ్యా."

"లేదు," అన్నాను.

"అంకెలు కొట్టు, టైమైపోతుంది," అన్నాడు వాడు, పెట్టేశాడు.

కొట్టాను. అరచేయి తడిసిపోయింది, దాని మీద రాసుకున్నదేం కనిపించదు, అయినా అంకెలు గుర్తున్నాయి. ఫోన్‌లో పదమూడేళ్ళ కిందటి నా మొహం వచ్చింది, నల్లటి జుట్టుతో, ఎవరిమీదో విసుక్కుంటూ. నా వెనక నిలబడి వాడే నవ్వించబోయాడు, ఫోటో తీసేవాడు కదలొద్దని అరిచాడు. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

"దొరికిందా అన్న ఐడీ?" అన్నాడు హనుమాండ్లు. బస్సు పక్కకు తప్పుకుంది, ఎదురుగా రోడ్డుంది.

"దొరికింది, పోనివ్వు," అన్నాను. "మా తమ్ముడి దగ్గర ఒకటి పెట్టాను, వెళ్ళి తీసుకోవాలి."